38 టార్పెడోల లెక్క

ఇంటికి 70 వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుబడిపోయిన ఒక ఓడ. ఎంత వేగంగా నడిపినా తిరిగి చేరడానికి 75 ఏళ్లు పడుతుందని కెప్టెన్ జేన్‌వే మొదటి కథలోనే సిబ్బందికి చెప్పేస్తుంది. 1995 జనవరిలో అమెరికా టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడింది. అదే సీజన్‌లో కొన్ని ఎపిసోడ్ల తర్వాత ఇంకో సంగతి బయటపడింది. ఓడలో ఉన్నవి 38 ఫోటాన్ టార్పెడోలు, అవి అయిపోతే మళ్లీ సంపాదించే దారి లేదు. అంటే కథ తనంతట తానే ఒక చిట్టా రాసి చూసేవాడి చేతిలో పెట్టింది. తీసుకున్నవాడు ఊరుకుంటాడా? ఏడు సీజన్ల పాటు ఓడ పేల్చిన ప్రతి టార్పెడోనూ అభిమానులు లెక్కపెట్టుకుంటూ పోయారు. 38 ఎప్పుడో దాటిపోయింది. కొత్తవి ఎక్కడి నుంచి వచ్చాయో ఓడలో ఎవరూ చెప్పలేదు, అడిగినవాడూ లేడు. రెండో సీజన్ తొలి ఎపిసోడ్‌లో పైలట్ టామ్ పారిస్, 1937 నుంచి నిద్రలో ఉండిపోయిన మనుషులకు ఓడ వేగం గురించి చెబుతూ సెకనుకు సుమారు 400 కోట్ల మైళ్లు అంటాడు. కాంతి సెకనుకు పోయేది 1,86,000 మైళ్లు. భాగించి చూస్తే ఓడ వేగం కాంతి వేగానికి 21 వేల రెట్లు. ఆ లెక్కన 70 వేల కాంతి సంవత్సరాల దూరానికి పట్టేది మూడేళ్ల మూడు నెలలు. అంత వేగాన్ని ఇంజిన్ ఏకబిగిన తట్టుకోదని సర్దిచెప్పేవాళ్లు ఉన్నారు. కానీ గరిష్ఠ వేగంతో పోయినా 75 ఏళ్లని అన్నది సాక్షాత్తూ కెప్టెనే కదా.

ఇక్కడ నా ఫిర్యాదు సైన్స్ తప్పిందని కాదు. కాంతిని మించిన వేగమే అబద్ధం అయినప్పుడు అందులో ఎన్ని రెట్లన్నది ఎవడికి కావాలి? కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు అని మనవాళ్లు ఎప్పుడో అనేశారు. లాజిక్ గురించి నోరెత్తిన ప్రతిసారీ ఎదురొచ్చే సమాధానం ఇదే. కథే కదా, కల్పనే కదా, దానికి లెక్కలేమిటి అని. ఈ వాదాన్ని తీసి పారేయనక్కర్లేదు, చాలా మటుకు నిజమే. కానీ అది ఎంతవరకు నిజమో తెలియడానికి మన ‘పాతాళ భైరవి’ చాలు. 1951 నుంచి ఇప్పటిదాకా ఆ సినిమా చూసిన తెలుగువాడెవడూ బొమ్మ లోంచి దేవత ఎలా వస్తుందని, క్షణంలో మేడ ఎలా లేస్తుందని అడగలేదు. అడిగితే మనమే నవ్వుతాం. అయితే ఆ సినిమా ఒక్క నియమాన్ని మాత్రం ఎక్కడా తప్పలేదు. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే మాట వాడిది. చేతిలో ఉన్నంతసేపూ రాముడికి ఎదురు లేదు, అది నేపాళ మాంత్రికుడికి చేరిన మరుక్షణం మళ్లీ ఉత్త తోటరాముడు. బొమ్మను జేబులో పెట్టుకుని కూడా రాముడు కోట గోడ ఎలా దూకాలా అని తల పట్టుకుని కూర్చుని ఉంటే, మొదటి ఆట నాడే నేల టిక్కెట్టువాళ్లు లేచి కేకలేసేవాళ్లు. ఆ కేకలేసేవాడికి భౌతికశాస్త్రం తెలియనక్కర్లేదు. ఇందాక చెప్పిన మాట గుర్తుంటే చాలు.

సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల మీద నాకున్న పేచీ అంతా ఆ గుర్తు దగ్గరే. చూసేవాడికి గుర్తున్నది రాసినవాడికి గుర్తు లేకపోవడమే అసలైన లాజిక్ దోషం. మిగతావన్నీ చిల్లర తప్పులు. అంతరిక్షంలో గాలి లేకపోయినా పేలుడు చప్పుడు వినిపిస్తుంది, వినిపించనివ్వండి. 1975లో వచ్చిన బ్రిటిష్ సీరియల్ ‘స్పేస్: 1999’లో చంద్రుడి మీద పోగేసిన అణు వ్యర్థాలు పేలి, చంద్రుడు కక్ష్య తప్పి, వారానికో కొత్త గ్రహం పక్కగా పోతుంటాడు. ఐజాక్ అసిమోవ్ అంతటివాడు పత్రికలో దీన్ని ఎండగట్టాడు. ఆయన బాధ న్యాయమైనదే. మనుషులు పంపిన వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున పోతున్నా, అత్యంత దగ్గరి నక్షత్రమంత దూరం పోవడానికి 70 వేల ఏళ్లకు పైనే పడుతుంది. అయినా ఆ సీరియల్‌ను నేను క్షమిస్తాను. తన అబద్ధాన్ని మొదటి రోజే ముందు పెట్టి, దీన్ని నమ్మితే కూర్చో, లేకపోతే లే అంది. అది ఒప్పందం. ఒప్పందంలో షరతు వింతగా ఉండటం వేరు, సంతకం పెట్టాక షరతు మార్చడం వేరు.

షరతు మార్చడం ఎలా ఉంటుందో మళ్లీ ‘వాయేజర్’లోనే దగ్గరగా చూడొచ్చు. 1996 జనవరిలో వచ్చిన ‘థ్రెషోల్డ్’ అనే ఎపిసోడ్‌లో పారిస్ ఒక షటిల్‌ను వార్ప్ 10 దాటిస్తాడు. ఆ కథలో వార్ప్ 10 అంటే అనంతమైన వేగం, విశ్వంలో ప్రతి చోటా ఒకేసారి ఉండటం. తిరిగొచ్చిన పారిస్ ఒళ్లు మారిపోతుంది, జుట్టు ఊడుతుంది, నాలుక ఊడిపడుతుంది. మనిషి లక్షల ఏళ్ల పరిణామాన్ని ఒక్కసారిగా దాటుతున్నాడని డాక్టర్ తేలుస్తాడు. చివరికి పారిస్ కెప్టెన్‌ను ఎత్తుకుపోతాడు, ఇద్దరూ ఒక బురద గ్రహం మీద ఉభయచరాలై పిల్లల్ని కూడా కంటారు. డాక్టర్ ఇద్దరికీ వైద్యం చేసి మళ్లీ మనుషుల్ని చేస్తాడు. పిల్లల్ని బురదలోనే వదిలేసి ఓడ ముందుకు సాగిపోతుంది. రాసిన బ్రానన్ బ్రాగా కూడా ఇది ఘోరమైన ఎపిసోడ్ అని తర్వాత బాహాటంగానే ఒప్పుకున్నారు. మేకప్‌కు మాత్రం ఎమ్మీ అవార్డు వచ్చింది, అది వేరే సంగతి.

అందరూ వెక్కిరించేది ఆ ఉభయచరాల్ని. పరిణామం ఒక్క మనిషి ఒంట్లో జరగదు, తరతరాల మీద ఒక జాతిలో జరుగుతుంది, కాబట్టి జీవశాస్త్రం ప్రకారం ఇది తప్పు అంటారు. తప్పే. కానీ ఆ ఎపిసోడ్ సీరియల్‌కు చేసిన ద్రోహం అది కాదు. వార్ప్ 10తో విశ్వంలో ఎక్కడికైనా క్షణంలో పోవచ్చు. పోయినందుకు ఒంటికి జబ్బు చేస్తుంది. ఆ జబ్బును డాక్టర్ నయం చేసి చూపించాడు. ఈ మూడూ కలిపితే ఏమవుతుంది? అందరూ షటిళ్లలో ఇంటికి పోయి, భూమి మీద ఆస్పత్రిలో పడుకుని, వారంలో మామూలు మనుషులు కావచ్చు. అంత సాహసం వద్దనుకుంటే మనిషి లేని షటిల్‌ను పంపి, మేం బతికే ఉన్నామని ఒక్క ఉత్తరమైనా చేర్చొచ్చు. సరిగ్గా రెండేళ్ల తర్వాత, 1998 జనవరిలో, ఇంటికి మొదటి కబురు చేరవేయడం కోసం ఓడ పడే పాట్లే ఒక పూర్తి ఎపిసోడ్. బాగా తీసిన ఎపిసోడ్, కన్నీళ్లు పెట్టించే ముగింపు. ‘థ్రెషోల్డ్’ చూసినవాడికి మాత్రం ఆ కన్నీళ్లలో ఏదో నలక పడుతుంది. ఇంటి తాళం చెవి మొలకు కట్టుకుని గుమ్మం ముందు ఏడ్చేవాళ్లను చూసి ఎంతసేపని జాలిపడతాం?

ఈ మతిమరుపు ఒక్క సీరియల్‌ది కాదు, దీని వెనక డబ్బు సంగతీ ఉంది. 1980ల్లో ఆదివారం పూట దూరదర్శన్‌లో మొదటి ‘స్టార్ ట్రెక్’ చూసినవాళ్లకు ఇప్పటికీ గుర్తుండేది మనుషులు మిణుగురుల్లా మెరిసి మాయమై కింద గ్రహం మీద తేలడం. ఆ ట్రాన్స్‌పోర్టర్ పుట్టింది శాస్త్రం నుంచి కాదు, ఖర్చు నుంచి. వారం వారం పెద్ద ఓడను గ్రహం మీద దించే దృశ్యాలు తీసే స్తోమత 1966లో ఆ నిర్మాతలకు లేదు. మెరుపుతో పని కానిచ్చేశారు. తెలివైన పనే. అయితే ఏ ప్రమాదం నుంచైనా రెప్పపాటులో పైకి లాగేసే యంత్రం చేతిలో ఉన్నప్పుడు ఇక ప్రమాదం ఎక్కడిది? అందుకని వారానికోసారి ఆ యంత్రం చెడిపోవాలి, తుఫాను అడ్డు రావాలి, ఏదో ఖనిజం సిగ్నల్‌ను మింగేయాలి. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన ‘ది ఎనిమీ వితిన్’లో ట్రాన్స్‌పోర్టర్ చెడిపోయి ఓడ సిబ్బందిలోని సులు, అతని తోటివాళ్లు గడ్డకట్టించే చలిలో కింద ఉండిపోతారు. బండరాళ్లను తుపాకీతో కాల్చి, ఎర్రగా కాగిన ఆ రాళ్ల చుట్టూ ముడుచుకుని కూర్చుంటారు. ఓడలో చిన్న షటిల్ ఉంది కదా, దాన్ని పంపొచ్చు కదా అని ఇప్పుడు చూసేవాడు అడుగుతాడు. షటిల్ ఆ రోజుకు ఇంకా పుట్టలేదు. అది తెర మీదికి వచ్చింది 1967 జనవరిలో. కాబట్టి ఈ తప్పు నా దృష్టిలో తప్పే కాదు. రేపు పుట్టబోయే బిడ్డ ఇవాళ పొలం ఎందుకు దున్నలేదని అడిగినట్టుంటుంది.

1989 నాటి సంగతికి ఆ మినహాయింపు చెల్లదు. స్టార్ ట్రెక్ తర్వాతి సీరియల్ ‘నెక్స్ట్ జనరేషన్’లో ఓడ డాక్టర్ పులాస్కీకి గంటల్లో ముసలితనం ముంచుకొచ్చే జబ్బు చేస్తుంది. ఆమె దువ్వెనకు అంటుకున్న ఒక వెంట్రుక తెచ్చి, అందులోని డీఎన్ఏ ఆధారంగా ట్రాన్స్‌పోర్టర్‌లోంచి దాటిస్తే ముడతలు పోయి మునుపటి మనిషిగా బయటికొస్తుంది. చిన్న దృశ్యం. కానీ ఆ కొద్ది నిమిషాల్లో రచయితలు వార్ధక్యానికి మందు కనిపెట్టేశారు. తర్వాతి ఏడాదే, మొదటి ‘స్టార్ ట్రెక్’లోని స్పాక్ తండ్రి, వల్కన్ జాతివాడైన సారెక్ ముసలితనంలో వచ్చే జబ్బుతో మనసు మీద పట్టు తప్పి, అదే ఓడ మీదికి వస్తాడు. వచ్చి, కుర్చీలో కూర్చుని కన్నీరు పెడతాడు. గొప్ప నటన, గొప్ప ఎపిసోడ్. ఆ పెద్దాయన నడివయసు వెంట్రుక ఒకటి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండయ్యా అని ఓడలో ఒక్కరూ అనరు. వల్కన్ల ఒళ్లు వేరని ఒక్క ముక్క చెప్పినా సరిపోయేది. ఆ ముక్క కూడా లేదు.

రాసేవాళ్లకు సైన్స్ చెప్పేవాళ్లు లేక ఇలా జరిగిందా అంటే, ఉన్నారు. స్టార్ ట్రెక్ సీరియళ్లకు ఆండ్రే బోర్మానిస్ సైన్స్ సలహాదారుగా ఏళ్ల తరబడి పనిచేశారు. లోపం ఇంకోచోట ఉంది. ‘నెక్స్ట్ జనరేషన్’ రచయితల్లో ఒకరైన రోనాల్డ్ మూర్ తర్వాతి రోజుల్లో ఒక గుట్టు విప్పారు. స్క్రిప్టులో సాంకేతిక వివరం రావాల్సిన చోట రచయితలు ఉత్తినే ‘టెక్’ అని రాసి వదిలేసేవారట. ఓడకు వచ్చిన ముప్పు ఒక టెక్, ఇంజనీర్ వేసే ఎత్తు ఇంకో టెక్. ఆ ఖాళీల్లో నోరు తిరగని మాటలు నింపడం సలహాదారుల పని. ఈ పద్ధతి తెలిశాక పాత ఎపిసోడ్లు చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. ముప్పూ ఖాళీయే, తప్పించుకునే దారీ ఖాళీయే అయినప్పుడు రచయిత గుర్తుపెట్టుకోవడానికి ఏముంది? పోయిన వారం ఖాళీలో ఏ మాట నింపారో ఈ వారం కథకు అక్కర్లేదు. బల్లకు నాలుగో కాలు బదులు ఇటుక పెట్టినట్టు ఆ రోజుకు నిలబడితే చాలు. డాక్టర్ పులాస్కీ వెంట్రుక అలాంటి ఇటుకే.

ఇక్కడ టీవీ తరఫున ఒక గట్టి వాదన ఉంది. ఏడాదికి పాతికో ఇరవయ్యారో ఎపిసోడ్లు, ఒక్కోదానికి వారం పదిరోజుల షూటింగ్, బల్ల చుట్టూ డజను మంది రచయితలు. పైగా ఆ రోజుల్లో పాత ఎపిసోడ్లను ఊరూరి స్టేషన్లకు అమ్ముకునేవారు. ఏ స్టేషన్ ఏ రోజు ఏది వేస్తుందో తెలియదు కాబట్టి, ప్రతి కథా మొదలైన చోటికే తిరిగొచ్చి ఆగాలి. మతిమరుపు అక్కడ బద్ధకం కాదు, వ్యాపార నియమం. ఇది నిజం, అందుకే నేను పాత సీరియళ్ల మీద పెద్దగా గొంతు పెంచను. మన డైలీ సీరియల్‌లో కాలిపోయిన కోడలు ప్లాస్టిక్ సర్జరీతో కొత్త నటిగా తిరిగొస్తే కూర తరుగుతూనే ఒప్పేసుకునేవాళ్లం, మనం పక్కింటివాళ్లను అనేదేముంది. కానీ ‘వాయేజర్’ తనకు తానే వేరే షరతు పెట్టుకుంది. వెనక్కి పోలేని ఓడ, తరిగిపోయే సరుకు అంది. తరగడం చూపించలేనివాడు సరుకు లెక్క చెప్పకూడదు. పైగా ఆ సాకుకు కూడా ఇప్పుడు కాలం చెల్లింది. ‘స్ట్రేంజర్ థింగ్స్’ మూడో సీజన్ 2019లో, నాలుగోది 2022లో. కరోనా వల్ల ఆలస్యమైంది సరే, తొమ్మిది ఎపిసోడ్లకు మూడేళ్లు. రెండో సీజన్‌లో తల్లి జాయిస్ నోటితో కొడుకు విల్ పుట్టినరోజు మార్చి 22 అని చెప్పించారు. నాలుగో సీజన్‌లో 1986 మార్చి 22న ఆ పిల్లాడు స్నేహితులతో స్కేటింగ్‌కు పోతాడు, రోజంతా ముఖం వేలాడేసుకుని తిరుగుతాడు. ఒక్కరూ పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పరు. పట్టించుకోని స్నేహం గురించి రచయితలు పెట్టిన లోతైన సంకేతం కాబోలని అభిమానులు తలలు బద్దలుకొట్టుకున్నారు. మర్చిపోయామని సృష్టికర్తలైన డఫర్ సోదరులు చెప్పారు, పాత సీజన్‌లో నెల పేరు మార్చేద్దామా అన్న ఆలోచన కూడా పంచుకున్నారు. ఇందులో సైన్స్ ఊసే లేదు, చూడండి. భూతాల లోకం, మనసుతో వస్తువులు కదిపే పిల్ల, అన్నీ నమ్మినవాళ్లు ఒక తేదీ దగ్గర ఆగిపోయారు.

తప్పులు వెతకడమే పనిగా పెట్టుకున్నవాళ్లను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. వాళ్లు పట్టేవాటిలో సగం తప్పులే కావు. 2020లో ‘మాండలోరియన్’ సీరియల్‌లో ఒక ఫ్రేము వెనక జీన్స్ వేసుకున్న సిబ్బంది మనిషి ఒకడు కనిపిస్తే ప్రపంచమంతా నవ్వింది, తర్వాత అతన్ని చెరిపేశారు. అది నిర్లక్ష్యం, కథకు గాయం కాదు. పాత్ర తెలివితక్కువ పని చేస్తే అదీ దోషం కాదు, మనుషులు చేస్తారు. కథ జవాబు చెప్పని ప్రశ్న కూడా దోషం కాదు. 2004లో మొదలైన ‘బ్యాటిల్‌స్టార్ గలాక్టికా’ తొలి ఎపిసోడ్ పేరే ‘33’. సరిగ్గా ముప్పైమూడు నిమిషాలకోసారి శత్రువు వచ్చి పడుతుంటాడు. అయిదు రోజులుగా నిద్ర లేని మనుషులు ఎర్రబడిన కళ్లతో గడియారం చూస్తుంటారు. ముప్పైమూడే ఎందుకో ఆ సీరియల్ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పనందుకు ఎవడికీ ఏ లోటూ రాలేదు.

ఈ ‘గలాక్టికా’ను నడిపింది కూడా ఆ రోనాల్డ్ మూరే. 1999లో కొద్దికాలం ‘వాయేజర్’లో పనిచేసి, పడక బయటికొచ్చేశారు. ఏళ్ల తరబడి ఒంటరిగా తిరిగే ఓడ అంత శుభ్రంగా, అంత నిండుగా ఎలా ఉంటుందని బహిరంగంగానే అడిగారు. తర్వాత అలాంటి కథే చేతికొచ్చింది. ఇల్లు పోయిన మనుషులు, వెంటాడే శత్రువు, అంతం లేని ప్రయాణం. మూర్ అందులో ఒక తెల్ల బోర్డు పెట్టారు. మిగిలిన మానవజాతి ఎంతమందో అధ్యక్షురాలు రోజ్లిన్ ఆ బోర్డు మీద చేత్తో రాసుకుంటుంది. ఎవరు చచ్చినా అంకె మారాలి. ‘33’ చివర్లో, వేలమంది పోయాక, ఒక ఓడలో మగపిల్లాడు పుట్టాడని కబురొస్తుంది. రోజ్లిన్ లేచి, చివరి అంకె చెరిపి, ఒకటి కలిపి 47,973 అని రాస్తుంది. ఆ ఒక్క అంకె చెరిపేటప్పుడు గుండె ఎందుకు బరువెక్కుతుందంటే, పై అంకెలన్నీ నిజాయితీగా తరిగాయని మనకు తెలుసు కాబట్టి. ‘వాయేజర్’కు 38 అనే అంకె ఇచ్చిన అవకాశం సరిగ్గా ఇదే, దాన్ని చేజేతులా పారేసుకున్నారు. మూర్ కూడా పూర్తిగా గట్టెక్కలేదు లెండి. శత్రువులకు ఒక పథకం ఉందని ప్రతి వారం టైటిల్స్‌లో వేయించి, ఆ పథకం ఏమిటో తేల్చలేక, చివరికి 2009లో ‘ది ప్లాన్’ పేరుతో వేరే సినిమా తీయాల్సి వచ్చింది.

సుదీర్ఘంగా సాగే కథలో ఏనాడూ చిక్కు పడకూడదని అడగడం అత్యాశే. పడ్డ చిక్కును ఒప్పుకుంటే చాలు. బీబీసీ వారి ‘డాక్టర్ హూ’ 1963లో మొదలైంది. దాని నాయకుడు చావబోయే ముందు కొత్త శరీరం తెచ్చుకుంటాడు, అలా నటులు మారుతుంటారు. 1976లో ఎవరో రచయిత ఊరుకోక ఇలా పన్నెండుసార్లే కుదురుతుందని ఒక కథలో రాసేశాడు. అప్పటికి నాలుగో నటుడే. పన్నెండు మార్పులూ అయిపోయే రోజు వస్తుందని ఆయన ఊహించి ఉండడు. 2013 నాటికి ఆ రోజు రానే వచ్చింది. పాత మాట ఎవరికి గుర్తుంటుందిలే అని దాటేయొచ్చు. వాళ్లు అలా చేయలేదు. ఆ ఏడాది క్రిస్మస్ ఎపిసోడ్‌లో ముసలివాడైపోయిన డాక్టర్ తనకు ఇక శరీరాలు మిగల్లేదని, చావు ఖాయమని తెలిసి కూడా ఒక ఊరికి కాపలాగా నిలబడతాడు. 37 ఏళ్ల కిందటి అప్పు ఆ కథకు ఆయువుపట్టు అయింది. చివరికి కొత్త శరీరాలు వరంలా దొరుకుతాయి, అది కాస్త చౌకబారు వరమే. కానీ అప్పుందని ఒప్పుకున్నాకే దొరికాయి.

‘వాయేజర్’ 2001 మే నెలలో ముగిసింది. ముసలి అడ్మిరల్ అయిన జేన్‌వే భవిష్యత్తు నుంచి కాలంలో వెనక్కి వచ్చి, తన పాత ఓడను ఏళ్ల ముందే ఇంటికి చేరుస్తుంది. తనతో బలమైన కవచం తెస్తుంది, కొత్త రకం టార్పెడోలు కూడా తెస్తుంది. చావబోయే తనవాళ్లను కాపాడుకోవడానికే ఇదంతా. సరిగ్గా ఆ రోజుకే ఎందుకు వచ్చిందంటే, ఇంటికి అడ్డదారి దగ్గర్లో ఉంది కాబట్టి అని కథ ఒక కారణం చూపిస్తుంది. ఆ అడ్డదారి మరో నెల ముందు కూడా ఓడకు ఎంతో దూరంలో ఉండదు. ఈ చివరి ఎపిసోడ్‌కు నెల రోజుల ముందు ప్రసారమైన ఎపిసోడ్‌లో జో క్యారీ అనే ఇంజనీర్ చనిపోయాడు. మొదటి కథలోనే ఓడ ఎక్కినవాడు. మొదటి సీజన్ తర్వాత పాత రోజుల సన్నివేశాల్లో తప్ప కనిపించకుండా పోయి, చావడానికి మళ్లీ తెర మీదికి వచ్చాడు. తీరిక దొరికినప్పుడల్లా ఒక సీసాలో వాయేజర్ ఓడ బొమ్మ కట్టుకునేవాడట. ఆ ఎపిసోడ్ చివర జేన్‌వే ఆ సీసాను చేతుల్లోకి తీసుకుని చూస్తుంది. బొమ్మకు రెండు ఇంజిన్లలో ఒకటి అమర్చడం మిగిలిపోయింది.